ఆండాలు నేర్పిన చదువు

చార్మినార్ అవతల ఉప్పుగూడలో ఎవరైనా బర్రెను అమ్మదలిస్తే ముందు ఆండాలు దగ్గరికి వచ్చేవాళ్లు. అంగడికి తోలే ముందటి పూట పాలు పిండకుండా పొదుగును ఎంతవరకు నిండనివ్వాలో, ఎంత దాటితే నొప్పి పుట్టి బర్రె కాలు ఝాడిస్తుందో ఆమెకు తెలిసినట్టు ఆ చుట్టుపక్కల మగవాళ్లకు కూడా తెలియదు. కొమ్ములకు నూనె రాయడం, తోకకుచ్చు కడిగి దువ్వడం, ఒక కన్ను మసకబారిన బర్రెను కొనేవాడికి మంచి కన్ను వైపు నిలబెట్టడం ఇవన్నీ ఆమె అత్త దగ్గర నేర్చుకున్న పనులు. అందులో మోసం ఉందని ఎన్నడూ అనుకోలేదు. కొనేవాడూ అంగడి మనిషే. వాడూ ఇవన్నీ ఎరిగే వస్తాడు, చుట్టూ తిరిగి వెతుక్కుంటాడు, లోపం దొరికితే బేరం దించుతాడు. తన పశువు లోపాన్ని తన నోటితోనే చెప్పుకునేవాణ్ణి మాత్రం అంగడంతా చూసి నవ్వుతుంది.

ఆమె మొగుడు మైసయ్య సైకిలుకు రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని శాలిబండ దాకా హోటళ్లకు పాలు పోసి వచ్చేవాడు. చాలా ఏళ్లు ఎదురుచూశాక వాళ్లకు ఒక్క బిడ్డ పుట్టింది. బాలమణి అని పేరు పెట్టుకున్నారు. రైలు కూత వినిపిస్తే చాలు, పరుగెత్తుకొచ్చి తల్లి మోకాళ్లను కరుచుకునేది. రెండేళ్లప్పుడు మెదడువాపు జ్వరం వచ్చింది. జ్వరం దిగింది, పిల్ల లేచి కూర్చుంది, అంబలి తాగింది. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. ఆ సాయంత్రం రైలు కూతవేస్తూ పోయింది. బాలమణి గడప మీద కూర్చుని చొప్పపుల్లలు విరుచుకుంటూనే ఉంది, తల ఎత్తలేదు. ఆండాలు చేతిలో పాలచెంబు పట్టుకుని అట్లా చూస్తూ నిలబడిపోయింది.

ఆ తర్వాత చెవుల్లో గోరువెచ్చని నూనె పోశారు. దర్గాలో తాయెత్తు కట్టించారు, ఎల్లమ్మకు మొక్కారు. వచ్చిన కొద్దిపాటి మాటలు కూడా ఒక్కొక్కటిగా రాలిపోయాయి. చివరికి పిల్ల నోట్లో ఒక కేక, ఒక మూలుగు మిగిలాయి. వాడలో పిల్లలు దాన్ని "మూగి" అని పిలిచేవాళ్లు. పిలిచినా వినపడదు కాబట్టి గులకరాయి విసిరేవాళ్లు.

పక్కింటి సుశీలమ్మ ఆస్పత్రిలో ఆయా. ఆమె భర్త ఇస్సాకు రైల్వేలో పట్టాలు చూసే గ్యాంగులో పనిచేసేవాడు. డెబ్బై నాలుగు వేసవిలో ఒకరోజు సుశీలమ్మ పాలగిన్నె పట్టుకుని వచ్చి, కొట్టంలో పేడకళ్లు ఎత్తుతున్న ఏడేళ్ల బాలమణిని చూసి గిన్నె కింద పెట్టింది.

"ఏందే ఆండాలూ, బిడ్డను గిట్లనే పెండల పెట్టి పెంచుతవా? చెవిటోళ్లకు బడి ఉన్నదంట. మా వార్డు డాక్టరమ్మ చెప్పింది."

"వినవడనోళ్లకు బడేందక్కా? ఏం చెప్తరు వాళ్లకు?"

"నోటితోని మాట్లాడిపిస్తరంటనే. అమ్మా, నాయినా అంటరంట. అక్కడనే ఉంచుకోని తిండి పెట్టి నేర్పుతరు."

ఆండాలు చేతులు కడుక్కోవడం మరిచిపోయి దగ్గరికొచ్చింది. "అమ్మా అంటదా?"

"అంటరంట. గని ఏడాదికి కొందర్నే తీస్కుంటరు. పెద్దసారు పరీక్ష పెడ్తడు. అందుల పాసయితేనే. డాక్టరమ్మతోని చిట్టీ రాయిస్త, ఎప్పుడు రమ్మంటరో అప్పుడు పోదాం."

పరీక్ష అన్న మాట ఆ ఇంట్లో ముల్లులా దిగింది. అన్నం తింటూ మైసయ్య అదే ఆలోచించాడు.

"పాస్ అంటే ఏంది? మంచిగున్నోళ్లనే గద తీస్కునేది? బొత్తిగ వినకుంటె ఏ సారు తీస్కుంటడు? మాటలు నేర్పాల్నంటె జరంతన్న వినాలె గద."

"మన పోరికి జర్ర గూడ వినరాదు గదా."

"వినరాదని నువ్వు పోయి చెప్తవా? సంతల బర్రెను నిలవెట్టినట్టు నిలవెట్టాలె గని. పెండ్లిచూపులల్ల మీ నాయిన నీ నోటి సంగతి నాకు ముందుగాల చెప్పిండా?"

"మీ అవ్వ నీ గురక సంగతి చెప్పిందా మరి?" అంది ఆండాలు. ఇద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైంది. నవ్వుతూనే ఆమె మనసులో ఒక ఆలోచన మొలిచింది.

కొట్టంలో షాబాదు బండలు పరిచి ఉన్నాయి. కింద ఉచ్చగుంట ఉన్నచోట ఒక బండ బోలుగా ఉండేది. బర్రె దాని మీద కాలు వేస్తే దూరాన కూర్చున్న బాలమణి కూడా తిరిగి చూసేది. అది చెవితో కాదని, అరికాలితో అని ఆండాలుకు తెలుసు. పిల్లను ఆ బండ మీద గోడకు ముఖం పెట్టి నిలబెట్టింది. తను వెనక నిలబడి మడమతో బండను గట్టిగా కొట్టింది. పిల్ల తిరిగింది. వెంటనే దాని చేతిలో గుప్పెడు పుట్నాలు పోసింది. మళ్లీ నిలబెట్టింది, మళ్లీ కొట్టింది. పుట్నాల కోసం పిల్ల ఇట్టే పట్టుకుంది. రానురాను దెబ్బ చిన్నది చేసింది. మడమ తాకిందో లేదో అన్నంత సన్నగా కొట్టినా బాలమణి గిర్రున తిరిగి, చెయ్యి చాపి, కళ్లతో నవ్వేది. ఆ నవ్వు చూసి ఆండాలు కూడా నవ్వేది. పొద్దున పాలు పిండాక ఒకసారి, చొప్ప వేశాక ఒకసారి. ఆ రోజుల్లో తల్లీబిడ్డా ఎంతో సంతోషంగా ఉన్నారు. తర్వాత ఆండాలును కోసింది ఆ సంతోషమే.

బడి మూసీ అవతల, ఎవరో నవాబుకు చెందిన పాత బంగళాలో ఉంది. పరీక్ష మేడ మీద. అక్కడి నేల చెక్కపలకలది. ఆ చెక్కను చూడగానే దేవుడే తన పక్షాన ఉన్నాడనుకుంది ఆండాలు. అంత నునుపైన, అంత బాగా అదిరే నేల కొట్టంలో ఎక్కడిది?

పెద్దసారు కోస్తా వైపు మనిషి. నెమ్మదస్తుడు. పిల్లను కిటికీ వైపు తిప్పి నిలబెట్టి, ఆండాలును గోడ పక్కన కూర్చోమన్నాడు. తను ఆమెకు దగ్గరగానే నిలబడి ఒక గంట మోగించాడు. ఆండాలు మడమ చెక్కను తాకింది. బాలమణి తిరిగింది.

సారు కనుబొమలు పైకి లేచాయి. చిన్న డోలు మీద మెల్లగా తట్టాడు. పిల్ల తిరిగింది. నోటితో "పాపా" అన్నాడు. తిరిగింది. ప్రతిసారీ చెయ్యి చాపింది. ఆ చెయ్యి ఎందుకు చాపుతోందో ఆయనకు అర్థం కాలేదు. తర్వాత బల్ల మీద గుండ్రటి, నలుపలకల చెక్కముక్కలు పెట్టి, వాటిని గుంటల్లో అమర్చమని సైగ చేశాడు. బాలమణి చెక్కముక్కల వైపు చూడనే లేదు. తల్లి కాళ్ల వైపే చూస్తూ, ఉండుండి తిరుగుతూ, చెయ్యి చాపుతూ నిలబడింది.

సారు కుర్చీలో కూర్చుని, "అమ్మా, మీ పాపకు చెవుడు లేదండి. చక్కగా వినపడుతోంది," అన్నాడు.

ఆండాలు రెండు చేతులూ జోడించింది. "మీ దయ సారూ."

"అందుకని మా బడి ఈ పాపకు పనికిరాదు. లోపం చెవిలో లేదు. బుద్ధి ఎదుగుదలలో ఉంది. అలాంటి పిల్లలకు వేరే బడి ఉంది. అక్కడికి రాసిస్తాను."

ఆయన మాట్లాడే తెలుగు ఆమెకు సగమే అందింది. వినపడుతోంది అన్నాడు. వేరే బడికి పంపుతానన్నాడు. ఈ బడి కన్నా పెద్ద బడి కాబోలు అనుకుంది. దారి పొడుగునా బస్సులో పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని దాని జుట్టు సవరిస్తూనే ఉంది. ఇంటికొచ్చి వాడలో చక్కెర పంచింది.

డ్యూటీ దిగి వచ్చిన సుశీలమ్మకు కూడా చక్కెర పెట్టి, సారు అన్న మాటలు అన్నట్టే చెప్పింది. సుశీలమ్మ చక్కెర నోట్లో వేసుకోలేదు.

"వినవడుతున్నదన్నడా? అదెట్ల?"

ఆండాలు సిగ్గుగా, కొంచెం గర్వంగా మడమ సంగతి చెప్పింది.

"ఓ దేవా! ఎంత పని చేస్తివే! అది వినవడనోళ్ల బడి. వినవడకుంటెనే తీస్కుంటరు. నువ్వు పోయి వినవడుతున్నదని సూపిస్తివి. ఇగ మాటలెందుకు రాలేదంటరు? బుద్ధి లేదనే గద అంటరు! పిచ్చిపోరి అని రాసిండ్రు నీ బిడ్డను!"

మైసయ్య సైకిలు తుడుస్తున్న గుడ్డ అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆండాలు నేల మీద కూలబడింది. వాడ పిల్లలు తినగా మిగిలిన చక్కెర మీద చీమలు చేరుతున్నాయి.

"నేనేమన్న చదువుకున్ననా అక్కా?" అంది. "పరీక్ష అంటివి. పాస్ అంటివి."

సుశీలమ్మ చేతిలోని చక్కెరను గడప మీద పెట్టింది. ఆ మాటలు తనవే.

ముందు సారు రాసిచ్చిన ఆ రెండో బడికే వెళ్లారు. అక్కడ పెద్ద పిల్లలు కొందరు చొంగ కారుస్తూ, కొందరు ముందుకూ వెనక్కూ ఊగుతూ కూర్చుని ఉన్నారు. ఒక మేడమ్ బాలమణిని ఆ పొద్దంతా తన దగ్గర ఉంచుకుంది. అక్కడ ఆండాలు కాలు కదపలేదు. మధ్యాహ్నానికి పిల్ల రంగుపూసలు రంగు వారీగా ఏరి దారానికి గుచ్చింది, మేడమ్ గీసిన ఇల్లు చూసి ఇల్లు గీసింది, దాని పక్కన ఎవరూ చెప్పకుండానే బర్రెను గీసింది.

"ఎవరమ్మా ఈ పిల్లకు బుద్ధి లేదన్నది? దీనికి ఉన్నంత తెలివి నాకు లేదు," అంది మేడమ్. "దీన్ని ఇక్కడ వదిలితే పాడైపోతుంది. చెవిటి పిల్లల బడికే తీసుకుపొండి."

"వాళ్లు గిక్కడికి తోలిండ్రమ్మా."

"నేనూ వాళ్లకు చెప్పి చూస్తాను."

ఆ మేడమ్ మాటతో, సుశీలమ్మ డాక్టరమ్మను బతిమాలడంతో పెద్దసారు ఇంకొకసారి చూడ్డానికి ఒప్పుకున్నాడు. ఆండాలు ఇంటికొచ్చి నేర్పినదాన్ని మరపించడానికి పూనుకుంది. పిల్లను బండ మీద నిలబెట్టి మడమతో కొట్టేది. అది నవ్వుతూ తిరిగి చెయ్యి చాపగానే ఆ చేతి మీద ఒక్కటి చరిచేది. బాలమణికి అర్థం కాలేదు. నిన్న పుట్నాలు పెట్టిన చెయ్యి ఇవ్వాళ ఎందుకు కొడుతోంది? తను సరిగ్గా తిరగలేదేమో అనుకుని ఇంకా వేగంగా తిరిగేది. ఇంకా గట్టిదెబ్బ పడేది.

"సావగొడ్తున్నవు పిల్లను!" అని ఒకనాడు మైసయ్య అడ్డం వచ్చాడు.

"సంతల బర్రెను నిలవెట్టినట్టు నిలవెట్టమంటివి. నిలవెట్టిన. నువ్వు జరుగు," అంది ఆండాలు. అతని మీద ఆమె గొంతు లేచింది ఆ ఒక్కసారే. మైసయ్య జరిగాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఆటపట్టించలేదు.

రెండోసారి సారు ఆండాలును గది బయటే ఉండమన్నాడు. తలుపు వేశారు. ఆమె వరండాలో రెండు కాళ్లూ నేలకు తాకకుండా బెంచీ మీద మడుచుకుని కూర్చుంది. లోపల గంట మోగింది, డోలు మోగింది. ఏం జరుగుతోందో తెలియలేదు. తర్వాత చెక్కనేల మీద చిన్న చిన్న దెబ్బలు వినపడ్డాయి. టక్, టక్, టక్. అవి పెద్దవాళ్ల అడుగులు కావు.

తలుపు తెరిచారు. గది మధ్యలో బాలమణి తన మడమతో తనే నేలను కొట్టుకుంటోంది. కొట్టి, గిర్రున తిరిగి, చెయ్యి చాపి, ఆ చెయ్యిని మళ్లీ భయంగా వెనక్కి తీసుకుంటోంది. మళ్లీ కొడుతోంది. చెంపలంతా తడి. అమ్మ కనబడక, అమ్మకు ఇష్టమైన పని చేస్తే అమ్మ వస్తుందనుకుంది.

ఆండాలు లోపలికి పరుగెత్తి సారు కాళ్ల మీద పడింది. "నేనే నేర్పిన సారూ. పిల్ల తప్పు గాదు. నేను కొడ్తె తిరుగుతది. వినుడు లేదు దానికి, ఒట్టు, జర్ర గూడ లేదు."

"లేవండమ్మా," అన్నాడు సారు. ఆయన ముఖం నల్లబడింది. "మీ మాట నమ్ముతున్నాను. కానీ ఈ స్థితిలో నేనేం పరీక్షించను? మోగిస్తే తిరుగుతోంది, మోగించకపోయినా తిరుగుతోంది. అసలు ఈ ఏటికి అడ్మిషన్లు కూడా అయిపోయాయి. ముందు ఇది మరిచిపోనివ్వండి. కొట్టకండి. వచ్చే ఏడు తీసుకురండి, నేనే చూస్తాను."

ఆ ఏడాదంతా ఆండాలు కొట్టంలో చెప్పులు లేకుండా, మునివేళ్ల మీద నడిచింది. బోలు బండ మీద గోనెసంచులు పరిచింది. బర్రెను కూడా అక్కడికి రానివ్వలేదు. పిల్ల మెల్లమెల్లగా తిరగడం మానేసింది. వేసవి రాగానే తలంటి, నిరుడు కుట్టించిన లంగా కట్టి, దాన్ని తీసుకుని మూసీ దాటింది.

పెద్దసారు కుర్చీలో వేరే ఆయన ఉన్నాడు. పాతసారు పదవి దిగి ఊరికి వెళ్లిపోయాడట. కొత్తాయన పిల్లను ఎగాదిగా చూసి వయసు అడిగాడు. ఆండాలుకు అబద్ధం చెప్పాలని నోటిదాకా వచ్చింది. బాలమణి ఆ ఏడు ఏపుగా ఎదిగింది. లంగా పాదాలకు జానెడు పైనే ఉంది. ఉన్నదే చెప్పింది.

"దాటిపోయింది కదమ్మా. ఈ వయసు పిల్లల్ని తీసుకోం. నాలుక తిరగదు ఇక. చిన్నప్పుడే తేవాల్సింది. ఇన్నాళ్లూ ఏం చేశారు?"

ఆమె పిల్ల చెయ్యి పట్టుకుని మేడ దిగింది. బస్సు కోసం నిలబడలేదు. ఎండలో నడిచి నయాపూల్ దాటి, చార్మినార్ దాటి ఇల్లు చేరింది. బర్రెలు పితికే వేళ దాటిపోయి ఒకటే అరుస్తున్నాయి.

ఆ తర్వాత ఆండాలు ఎవరికీ బర్రెను అంగడికి తయారుచేసి పెట్టలేదు. అడగవచ్చిన వాళ్లను "నాకు తెల్వదు" అని పంపించేసేది. బాలమణి పాలు పితకడం నేర్చుకుంది, పిడకలు కొట్టింది, ఆ ఇంట్లో మూడో జత చేతులైంది. మైసయ్య పనుంటే చేత్తో తట్టేవాడు. ఆండాలు కళ్లతో చెప్పేది.

ఎనభై రెండులోనో మూడులోనో ఫలక్‌నుమా నుంచి నాగమణమ్మ అనే ఆమె వచ్చింది. ఆమె మొగుడు కొండల్ రేకుల పని చేస్తాడు. వాళ్ల కొడుకు ప్రహ్లాద్ పుట్టు చెవిటివాడు. సుశీలమ్మ పంపిందట.

"బడికి పోతున్నమక్కా. నీకు తెలుసంట గద. పరీక్షల ఏం అడుగుతరు? ఏమన్న నేర్పియ్యాల్నా?"

ఆండాలు పితుకుతున్న బర్రె పొదుగు వదిలి లేచింది. "ఏం నేర్పకు చెల్లె. నీ కొడుకుకు ఏం లేదో గదే సూపియ్యి. గదే చెప్పు. సిగ్గువడకు." చెప్పి మళ్లీ పితకడానికి కూర్చుంది.

పిల్లవాణ్ణి చేర్చుకున్నారు. మరుసటి ఏడు దసరా సెలవులకు నాగమణమ్మ వాణ్ణి వెంటబెట్టుకుని, కొబ్బరికాయ పట్టుకుని వచ్చింది. "నీ పుణ్యమే అక్కా. అమ్మా అంటున్నడు. సూడు, అనురా!"

వాడు తల్లి పెదాలను చూసి, తన గొంతు మీద చెయ్యి వేసుకుని, గరగరమనే స్వరంతో "అ... మ్మ" అన్నాడు. బొంగురుగా, బరువుగా ఉన్నా అది మాటే.

కుడితి తొట్టి దగ్గరున్న బాలమణి అది చూసింది. అప్పటికి ఎత్తుగా, నిండుగా ఎదిగిన పిల్ల. దగ్గరికి వచ్చింది. బడిలో చేయించినట్టే వాడు ఆమె చెయ్యి తీసి తన గొంతు మీద పెట్టుకుని మళ్లీ అన్నాడు. బాలమణి ఉలిక్కిపడింది. చెయ్యి తీసి తన గొంతు మీద పెట్టుకుంది. నోరు తెరిచింది, మూసింది. పెదాలు సరిగ్గానే కలిశాయి. లోపల ఏమీ కదలలేదు.

అప్పుడు తల్లి దగ్గరికి వచ్చింది. తడి చేతిని లంగాకు తుడుచుకుని ఆండాలు గొంతు మీద పెట్టి, ఆమె పెదాల వైపు చూస్తూ నిలబడింది.

"ఏమన్న అనక్కా," అంది నాగమణమ్మ. "పిల్ల సూస్తున్నది."

ఆండాలు నోరు తెరిచింది. ఈ బిడ్డతో నోటితో మాట్లాడటం ఎప్పుడు మానేసిందో ఆమెకు గుర్తు రాలేదు. ఏ మాట అనాలో తోచలేదు. బిడ్డ పేరు నాలుక చివరిదాకా వచ్చింది గానీ, ఆ పేరు ఒకటుందని కూడా బిడ్డకు తెలియదు. బిడ్డ చేతి కింద గుటక ఒకటి పైకీ కిందికీ పోయింది.

బాలమణి కాసేపు చూసింది. తర్వాత చెయ్యి తీసేసి, కుడితి తొట్టి దగ్గరికి వెళ్లి పని చూసుకుంది.